పాత కారు: ఏ భాగము ఎప్పుడు మార్చవలెను?

మానవునకు వలెనే యంత్రమునకును వార్ధక్యమున్నది. కాని యంత్రపు వార్ధక్యము అన్ని అవయవములకు ఒకేసారి రాదు. ఒకే కారులో ఇరువది యేండ్ల ఇంజను, మూడేండ్ల బ్యాటరీ, ఆరు నెలల టైరు కలిసి కాపురము చేయుచుండును. కనుక "ఈ కారు వయస్సెంత?" అని అడిగినవారికి ఒక్క అంకెతో సమాధానము చెప్ప వీలులేదు. అడుగవలసిన ప్రశ్న వేరొకటి యున్నది. దానిని గురించియే నేడు మేము శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

అనంతపురము పీఠభూమిలో ఈ ముచ్చటకు అగత్యము మరింత యున్నది. పెనుకొండ సమీపమున 2019లో కియా కర్మాగారము పని ప్రారంభించిన నాటినుండి ఈ గడ్డ క్రొత్త కార్లకు పుట్టినిల్లైనది. అయినను మన వేపచెట్ల నీడలలో పాత కార్లకు కొదువ లేదు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరిలో తయారీ ముగించుకొన్న మారుతి 800 ఒకటి. 1950ల చివర ఉత్తరపారాలో పుట్టి, అదే 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు మరియొకటి. రెండు మూడు చేతులు మారి, బాడుగలకు తిరిగి, పెండ్లిండ్లు పేరంటములు చూచి, నేటికిని నడచుచున్న బండ్లివి.

ఈ సీమలో ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి సన్నగిల్లిపోవును. వేరుసెనగ పండిన ఏట కొన్న కారు పండని ఏండ్లలోను నడువవలెను. వాన తప్పిన సంవత్సరమున ఇంటి ఖర్చులలో మొదట కోతపడునది కారు మరమ్మతుకే. పిల్లల చదువునకు, పశువుల మేతకు, విత్తనములకు చాలని డబ్బు కారునకు ఎక్కడినుండి వచ్చును? ఈ కోతను మేము తప్పుపట్టము. కాని కోత పడవలసిన చోట పడినదా, పడరాని చోట పడినదా అన్నది మాత్రము విచారింపవలసిన విషయము. అర్ధరాత్రి ఊరిలో ఒకరికి గుండెనొప్పి వచ్చి, 108 వాహనము రాక ఆలస్యమైనప్పుడు, బత్తలపల్లి ఆసుపత్రికో అనంతపురము పెద్దాసుపత్రికో రోగిని చేర్చవలసినది ఆ పాత కారే. ఆ రాత్రి దాని సీటు చిరిగియుండుట ఎవ్వరికిని పట్టదు. బ్రేకు పట్టునా లేదా అన్నదే పట్టును.

పాత కారు గలవారిలో రెండు తెగలవారు కనబడుదురు. మొదటి తెగవారు జాగ్రత్తపరులు. మెకానిక్కు ఏది మార్చమనిన అది మార్చుదురు. ఏదియో ఒక చప్పుడు విని సగము కారును విప్పించుదురు. రెండవ తెగవారు పొదుపరులు. "నడచుచున్నది గదా, నడువనిమ్ము" అని, విరిగినప్పుడే వంచిన తల యెత్తుదురు. మొదటివారికి డబ్బు దండుగ. రెండవవారికి ఒక్కొక్కప్పుడు ప్రాణమే దండుగ. ఈ రెండింటికిని నడుమ త్రోవ యొకటి కలదు.

ఆ త్రోవను శాస్త్రీయముగ చూపినది విమానముల ప్రపంచము. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సంస్థకు చెందిన నౌలన్, హీప్ అను ఇద్దరు 1978లో ఒక నివేదికను ప్రకటించిరి. విమాన భాగములను పరిశీలింపగా, వయస్సు మీరుటకును చెడిపోవుటకును స్పష్టమైన సంబంధము గలవి నూటికి పదునొకండు మాత్రమే యని తేలినది. తక్కిన ఎనుబది తొమ్మిదింటికి "ఇన్ని గంటలు కాగానే మార్చవలెను" అని గడువు పెట్టుటవలన ప్రయోజనము కానరాలేదు. పైగా, వానిలో అనేకములు క్రొత్తగా బిగించిన తొలి దినములలోనే ఎక్కువగ చెడిపోవుచుండెను. అనగా, బాగుగ నున్న భాగమును విప్పి క్రొత్తది బిగించుట సైతము ఒక్కొక్కప్పుడు క్రొత్త చిక్కును కొనితెచ్చుకొనుటయే. ఈ లెక్క విమానములది. దీనిని కారునకు యథాతథముగ అంటగట్టరాదు. టైరు వలె, బ్రేకు వలె ఒరిపిడికి అరుగు భాగములకు వయస్సు తప్పక లెక్కలోనికి వచ్చును. అయినను ఆ నివేదిక నేర్పిన మూలసూత్రము మనకును పనికివచ్చును. "ఈ భాగము ఎంత పాతది?" అని కాదు, "ఇది చెడిపోయినచో ఏమగును?" అని మొదట అడుగవలెను.

ఈ సూత్రమును నేర్చుటకు మన రైతు అమెరికా వరకు పోనక్కరలేదు. కరెంటు మోటార్లు రాక పూర్వము ఈ సీమలో కపిల బావులుండెడివి. ఎద్దులు వాలుబాటలో దిగుచు మోకును లాగగా, తోలు తొండము గల బాన నీటితో పైకి వచ్చెడిది. కపిల తోలువాడు ఆ మోకు మీదనే కూర్చుండి దిగెడివాడు. అతడు మూడు వస్తువులను మూడు విధములుగ చూచుకొనెడివాడు. మోకు పురి విడుచుట కనబడినచో, "ఇంకను తెగలేదు గదా" అని ఊరకుండక మార్చెడివాడు. ఏలయన, మోకు తెగినచో ఎద్దులు తూలిపడును, మీదనున్న మనిషికి ముప్పు, బాన బావిపాలు. గిలకకు ఎప్పటికప్పుడు ఆముదము వేసెడివాడు. ఎండిన గిలక క్రొత్త మోకును సైతము కోసివేయును. ఇక తొండమునకు చిల్లిపడినచో తోలు అతుకు వేసి, కొంత నీరు కారినను ఆ పంట గడచువరకు నెట్టుకొనివచ్చెడివాడు.

కారులోని భాగములను గూడ ఈ మూడు తెగలుగ విభజించుకొన్నచో చిక్కు విడిపోవును. చెడినచో మనిషికి హాని కలిగించునవి మొదటి తెగ. వీనిని చెడక ముందే మార్చవలెను. చెడినచో తమకంటె పెద్ద భాగమును చెరచునవి రెండవ తెగ. వీనిని గడువు ప్రకారము మార్చవలెను. చెడినను మెల్లగా, చెప్పి చెడునవి మూడవ తెగ. వీనిని చివరివరకు వాడుకొనవచ్చును.

ఈ విభజనలోనికి పోవుటకు ముందు మన నేల స్వభావమును కొంచెము తలచుకొనవలెను. మచిలీపట్నము, విశాఖపట్నము వంటి సముద్రతీర పట్టణములలో ఉప్పుగాలికి కారు తొడుగు తుప్పుపట్టును. మనకు ఆ బాధ తక్కువ. పొడిగాలిలో ఇనుము చిరకాలము నిలుచును. కాని ఇనుమును కాపాడు ఈ వాతావరణమే రబ్బరును చంపును. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండకు గొట్టములు, బెల్టులు, తొడుగులు, టైర్ల ప్రక్కలు బిరుసెక్కి పగుళ్లు వారును. కనుక మన పాత కారు పైకి నవనవలాడుచుండును. లోపల రబ్బరు ముదిసియుండును. రంగు చూచి ఆరోగ్యము నిర్ణయించుట ఇచ్చట మిక్కిలి మోసము. ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగిన కారని సంతోషించుటయు అట్టిదే. రబ్బరు కిలోమీటర్లను లెక్కింపదు, వేసవులను లెక్కించును.

రెండవది ధూళి. కణేకల్లు వైపున హగరి ఒడ్డున ఇసుక మేటలున్నవి. తాడిపత్రి వైపున నాపరాళ్ల పొడి యున్నది. ఎఱ్ఱనేలల మీది మట్టిబాటల సంగతి చెప్పనక్కరలేదు. ఇసుకలోని స్ఫటికపు రేణువు మామూలు ఇనుముకన్న గట్టిది. అది గ్రీజుతో కలిసినచో సానపట్టు ముద్దయై, కదలు ప్రతి కీలును అరగదీయును.

మూడవది నీరు. బోరునీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట మన గృహిణులెరిగినదే. అదే నీరు రేడియేటరులో పోసినచో అదే పెచ్చు దాని సన్నని నాళములలో కట్టును. గిన్నెనైన చింతపండుతో తోమవచ్చును. రేడియేటరు నాళములను తోమునదెవరు?

ఇక మొదటి తెగ. ఇందు అగ్రస్థానము బ్రేకులది. డిస్కు బ్రేకు ప్యాడు మీది పదార్థము మూడు మిల్లీమీటర్లకు దిగినచో మార్చుట మంచిది. ఒక ప్రక్కదే అరిగినట్లు కనబడినను రెండు ప్రక్కలవియు కలిపి మార్చవలెను. లేనిచో బ్రేకు త్రొక్కినప్పుడు బండి ఒక వైపునకు లాగును. ఒక ప్రక్కదే ఎందుకు అరిగినదో గూడ మెకానిక్కు నడుగవలెను. ఎక్కడనో ఏదో బిగుసుకొనియుండును. చక్రముల దగ్గర బ్రేకు ద్రవమును చేరవేయు రబ్బరు గొట్టమును వంచి చూడవలెను. పగులు కనబడినను, ఉబ్బు కనబడినను అది పురి విడిచిన మోకే. కొన్ని వందల రూపాయల ఆ గొట్టముమీద బండిలోనివారందరి ప్రాణములు వ్రేలాడుచున్నవి.

బ్రేకు ద్రవమును గురించి చాలమందికి తెలియని విషయమొకటి కలదు. అది గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 అను రకము క్రొత్తలో 205 డిగ్రీల వరకు మరుగక నిలువవలెను. తేమ పట్టిన పిదప ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోవును. ఘాటు దిగునప్పుడు మాటిమాటికి బ్రేకు త్రొక్కగా పుట్టు వేడికి అట్టి ద్రవము మరిగి ఆవిరి బుడగలు కట్టును. అప్పుడు పెడలు మెత్తబడి నేలకు దిగును. బండి మాత్రము ఆగదు. కనుక రెండేండ్లకొకసారి ఈ ద్రవమును పూర్తిగ మార్చవలెను. పైన కొంచెము పోసి నింపుట మార్చుట కాదు. ఇంటివద్ద చేయదగిన పరీక్ష యొకటి యున్నది. ఇంజను నడచుచుండగా, బండి కదలకుండ, పెడలును గట్టిగ త్రొక్కి అర నిమిషము పట్టియుంచవలెను. అది మెల్లమెల్లగ క్రిందికి జారుచున్నచో మాస్టరు సిలిండరులో రబ్బరు అరిగినదనియో, ఎక్కడనో కారుచున్నదనియో గ్రహింపవలెను. ఆ బండిని ఇక షెడ్డునకు తప్ప మరియొక చోటికి తోలరాదు.

బ్రేకుల పిదప టైర్లు. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నిబంధన. గాడుల నడుమ అడ్డముగ చిన్న గట్లవంటి గుర్తులుండును. టైరు ఉపరితలము వానితో సమమైనచో దాని ఆయువు తీరినదన్నమాట. ఇది అరుగుదల లెక్క. మన సీమకు ముఖ్యమైనది వయస్సు లెక్క. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర యుండును. "2319" అని యున్నచో అది 2019వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున తయారైనదని అర్థము. అయిదేండ్లు దాటిన టైరును ఏటేట తెలిసినవారిచే పరీక్ష చేయింపవలెను. పదేండ్లు దాటినదానిని, గాడులు ఎంత లోతుగ నున్నను, విసర్జింపవలెను. ప్రక్కన ఉబ్బినదానిని ఆనాడే తీసివేయవలెను. ఈ లెక్కలో స్టెప్నీ టైరు నెవరును తలపరు. డిక్కీలో ఏండ్ల తరబడి నిద్రించి, అవసరమైన రాత్రి బయటికి తీయగానే పగులునది అదే.

ముందు చక్రమును జాకీమీద లేపి, క్రింద దిమ్మె ఆసరా పెట్టి, మెకానిక్కు చక్రమును రెండు ప్రక్కలను పట్టి ఊపినప్పుడు లొటలొట కదలినచో స్టీరింగు కడ్డీల చివరలు అరిగినవని సూచన. పైనను క్రిందను పట్టి ఊపినప్పుడు కదలినచో బాల్ జాయింటు గాని, చక్రపు బేరింగు గాని అరిగినదని సూచన. ఇవి గూడ మోకు జాతివే. ఈ జాతిలో మరియొకటి కలదు, వైపరు రబ్బరు. వాన అరుదైన సీమలో అది అద్దముమీద పడి ఎండుచున్న సంగతి ఎవ్వరికిని తెలియదు. మనకు సెప్టెంబరులో ఒకనాటి రాత్రి వాన దంచికొట్టినప్పుడు, ఎదురుగ లారీ దీపములు మెరయుచుండగా, ఆ ఎండిన రబ్బరు అద్దమునంతయు మసకగావించును. వాన తక్కువ గల చోటనే వైపరు చూచుకొనవలసిన అవసరము ఎక్కువ.

రెండవ తెగ భాగములు చిన్నవి, చౌకవి. కాని గిలకకు వేసిన ఆముదము వంటివి. వీనియందు లోభించుటయే మన తెలుగు సామెత చెప్పిన గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట. రేడియేటరు మూత నుదాహరింతుము. అనంతపురము సముద్రమట్టమునకు సుమారు 335 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చట నీరు నూరు డిగ్రీలు రాకమునుపే, సుమారు 99 డిగ్రీలకే మరుగును. రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని నిలిపియుంచును గనుకనే నీరు నూరు దాటినను మరుగక పని చేయుచున్నది. మూతలోని రబ్బరు బిళ్ల ఎండిపోయి ఒత్తిడి జారిపోయినచో, మే నెల మధ్యాహ్నమున బండి పొగలు కక్కును. అప్పటికిని తోలుచు పోయినచో సిలిండరు హెడ్డు వంగిపోవును. అనగా ఒక చిన్న మూతకు బదులు సగము ఇంజను విప్పవలసి వచ్చును. వేడిగ నున్న రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితిలోను తెరువరాదని ఈ సందర్భమున హెచ్చరించుచున్నాము. చల్లారిన పిదప బోరునీటికి బదులు డిస్టిల్డు వాటరును, తయారీదారు చెప్పిన కూలెంటును కలిపి పోయవలెను. గొట్టములను చల్లగ నున్నప్పుడు వ్రేళ్లతో నొక్కి చూడవలెను. రాయివలె బిరుసెక్కినను, ముద్దవలె మెత్తబడినను వాని కాలము చెల్లినట్లే.

ఇంజను లోపలి టైమింగు బెల్టు ఈ తెగలో మిక్కిలి ముఖ్యమైనది. అంబాసిడరులో ఆ పనికి గొలుసు ఉండెను. మారుతి 800లో రబ్బరు బెల్టు. గొలుసు అరిగినచో గలగలమని చెప్పును. బెల్టు చెప్పక తెగును. చాల ఇంజన్లలో బెల్టు తెగినచో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోవును. కనుక తయారీదారు పుస్తకములో వ్రాసిన కిలోమీటర్లు గాని, సంవత్సరములు గాని, ఏది ముందు వచ్చిన దానికే మార్చవలెను. సెకండుహ్యాండు కారు కొని, బెల్టు ఎప్పుడు మార్చిరో తెలియనిచో, మార్చలేదనియే భావించి మార్చుట క్షేమము.

ఇంజను ఆయిలు, దాని ఫిల్టరు, గాలి ఫిల్టరు ఈ వరుసలోనివే. పుస్తకములోని గడువు మంచి రోడ్డుమీది గడువు. మన ధూళిలో గాలి ఫిల్టరును అంతకన్న ముందే తీసి చూడవలెను. చినిగినదానిని, సరిగ కూర్చుండనిదానిని ఉంచరాదు. ముందు చక్రములను త్రిప్పు ఇరుసు చివర గ్రీజును కాపాడు రబ్బరు తొడుగు చీలినచో వెంటనే మార్చవలెను. ఆలస్యమైనచో గ్రీజు వెలికి, ఇసుక లోనికి పోవును. కొన్నాళ్లకు జాయింటే పోవును. తొడుగు వెల కొంచెము, జాయింటు వెల పదింతలు. బ్యాటరీ మాట గూడ చెప్పవలెను. చలి బ్యాటరీని చంపునని చలిదేశములవారు తలచుదురు. నిజమునకు దానిని లోపల తినివేయునది వేసవి, చలికాలపు ఉదయము దానిని బయటపెట్టును. మూడేండ్లు నిండిన బ్యాటరీని వేసవికి ముందొకసారి, వెనుకనొకసారి పరీక్ష చేయింపవలెను. రాత్రియంతయు విశ్రమించిన బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపున చూపినచో నిండుగ నున్నదని అర్థము.

మూడవ తెగను గుర్తుపట్టుటకు ముఖ్యముగ కావలసినది చెవి. రేడియో వినుటకు అలవడిన మన శ్రోతలకు అందు కొరత లేదు. వేగముతోబాటు పెరుగుచు, మలుపులో మారు గుఁయ్యిమను మ్రోత చక్రపు బేరింగుది. అది మోకు జాతిదని ముందే చెప్పితిమి గనుక, ఆ మ్రోత వినబడినచో ఆలస్యము పనికిరాదు. స్టీరింగు పూర్తిగ త్రిప్పినప్పుడు టకటక మనునది ఇరుసు జాయింటు. ఇంజను హోరెత్తుచున్నను బండి వేగమందుకొననిచో అరిగినది క్లచ్చి ప్లేటు. క్లచ్చి ప్లేటు వంటిది ఒక్కనాటిలో పోదు. వారముల తరబడి చెప్పి పోవును. సైలెన్సరు, స్టార్టరు, కిటికీ మర, తలుపు పిడి, సీటు గుడ్డ, గీతలుపడిన రంగు — ఇవన్నియు తొండము చిల్లులు. దూర ప్రయాణములు మానుకొని, డబ్బు సమకూరువరకు వీనితో కాలము గడపవచ్చును. అయితే పొగ కారు లోనికి వచ్చునట్లు సైలెన్సరు చిల్లిపడినచో అది ఊపిరికి ముప్పు; అప్పుడది మొదటి తెగలో చేరును. షాక్ అబ్జార్బరులను గూడ ఇట్లే తూచవలెను. బండి మూలను నొక్కి విడిచినప్పుడు ఒకసారి లేచి నిలిచినచో మంచిది. ఉయ్యాలవలె ఊగుచున్నచో చక్రము రోడ్డును పట్టి యుండదు, బ్రేకును బలహీనపడును.

మార్చుటకు నిశ్చయించిన పిదప పొదుపు చేయదగిన మార్గములు కొన్ని కలవు. మొదటిది, ఒకసారి విప్పినప్పుడే చేరువలోని చౌక భాగములను గూడ మార్చుకొనుట. క్లచ్చి ప్లేటు కొరకు గేరుబాక్సు దింపినప్పుడు దాని బేరింగును మార్చనిచో, ఆరు నెలలకు ఆ చిన్న బేరింగు కొరకే మరల గేరుబాక్సు దింపవలసి వచ్చును. టైమింగు బెల్టు మార్చునప్పుడు దానిని బిగించి యుంచు కప్పీని గూడ మార్చుట ఇట్టిదే. రెండవది, పాత సామాను విషయమున వివేకము. బెంగుళూరు జె.సి. రోడ్డునందును, సికింద్రాబాదు రాణిగంజునందును మన మెకానిక్కులకు తెలియని దుకాణములు లేవు. విప్పిన కార్లనుండి వచ్చిన తలుపు, అద్దము, సీటు, దీపపు చట్రము నిస్సంకోచముగ కొనవచ్చును. బ్రేకు భాగములు, టైర్లు, స్టీరింగు కీళ్లు, రబ్బరుతో చేసినవేవియు పాతవి కొనరాదు. మూడవది, నకిలీ సరకును గూర్చి జాగరూకత. సగము ధరకు వచ్చిన ఫిల్టరు పెట్టె లోపల ఏమున్నదో ఆ ఫిల్టరునకే తెలియును. రశీదు ఇచ్చు దుకాణమున కొనవలెను. విప్పిన పాత భాగమును తమకు చూపుమని మెకానిక్కు నడుగవలెను. ఇది అపనమ్మకము కాదు. అరిగిన భాగము ఒక పాఠము; ఎక్కడ, ఎందుకు అరిగినదో మంచి మెకానిక్కు సంతోషముతో చెప్పును.

పాలలెక్క పుస్తకము వలె కారునకు గూడ ఒక చిన్న పుస్తకము పెట్టుకొనవలెనని మా సలహా. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లకు, ఏ భాగము మార్చితిమో అందు ఒక్క వరుస వ్రాసిన చాలును. ఇంటిల్లిపాదిలో అక్షరము చక్కగ వ్రాయువారికి ఈ పని యొప్పగింపవచ్చును. ఉగాదికి ముందొకసారి నీరు, గొట్టములు, బెల్టు, బ్యాటరీ, టైర్లు చూడవలెను, రాబోవునది ఎండ. మృగశిర కార్తెకు ముందొకసారి వైపర్లు, బ్రేకులు, దీపములు చూడవలెను, రాబోవునది వాన. వాన రాకపోయినను ఆ చూపు వృథా కాదు.

ఇక చివరి ప్రశ్న: ఎప్పుడు ఈ కారునకే స్వస్తి చెప్పవలెను? సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. పిదప తనిఖీ జరిపించి అయిదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను. ఆ తనిఖీ యొక తలనొప్పి కాదు, ఒక అవకాశము. పదునైదేండ్లు నిండుటవలననే కారు పనికిరానిది కాదు. అమెరికా ఆంక్షలవలన క్రొత్త బండ్లు దొరకని క్యూబా దేశమున 1950ల నాటి అమెరికను కార్లను దశాబ్దముల తరబడి నడిపిరి. చేయి తిరిగిన మెకానిక్కు లున్నచోట యంత్రమునకు అంత ఆయువు సాధ్యమే. అయితే మరమ్మతు ఖర్చును కారు అమ్మిన వచ్చు ధరతో పోల్చుట సరికాదు. అమ్మిన వచ్చునది స్వల్పమే గావచ్చును. కాని అంతటి సేవ చేయగల మరియొక బండికి ఎంత వెచ్చింపవలెనో దానితో పోల్చవలెను. అట్లు పోల్చినచో మరమ్మతే మేలని చాలసార్లు తేలును. కాని చట్రము పగిలినప్పుడు, మొదటి తెగ భాగములు అంగటిలో దొరకనప్పుడు, లేదా ఆ భాగములను మార్చుకొను స్తోమత మనకు లేనప్పుడు ఆ బండిని రోడ్డునుండి తప్పించుటయే ధర్మము. తొండమునకు అతుకు వేయవచ్చును. మోకునకు ముడి వేసి మనిషిని కూర్చుండబెట్టరాదు.

కరవు మనకు పొదుపు నేర్పినది. అది గొప్ప విద్యయే. కాని పొదుపనగా అన్నింటిలోను సమానముగ కోయుట కాదు. దేనిని కోయరాదో తెలియుట. డబ్బు తక్కువైన ఏట రంగు, సీటు, హారను, అలంకారములు వేచియుండనిండు. బ్రేకు గొట్టమును, టైరును వేచియుండనీయకుడు. రేపు ఉదయము బండి తీయుటకు ముందు, స్టెప్నీతో సహా అయిదు టైర్లమీది నాలుగేసి అంకెలను చదివి ఒక కాగితముమీద వ్రాసికొనుడు. పుస్తకమునకు అదే మొదటి పుట యగును.